తెలుగు గ్రంథసూచి: గ్రంథపాలకుని నిత్యకృత్యము, యంత్రసాధనములు

పరిశోధనార్థము గ్రంథాలయమునకు బోవువారు గ్రంథపాలకుని తలచుట యరుదు. పుస్తకము దొరకినచో నది యచ్చట నున్నది గావున దొరకినదని తలంతురు. దొరకనిచో లేదని నిశ్చయింతురు. ఈ రెండు నిశ్చయములకును నడుమ కంటికి గానరాని పని యొకటి గలదు. పుస్తకము అరమీద భద్రముగా నుండియు సూచిలో సరిగా నెక్కకున్నచో చదువరికి లేనిదానితో సమానమే. దానిని చూడకయే సిద్ధాంతవ్యాసము పూర్తియగును. 'ఈ విషయమున గ్రంథము లేదు' అను వాక్యము ముద్రితమై తరువాతివారికి బ్రమాణ మగును. తెలుగు పుస్తకముల విషయమున నీ ప్రమాదము మఱింత హెచ్చు.

గ్రంథసూచి నేడు కార్డుల పెట్టెను విడిచి కంప్యూటరులోనికి జేరినది. దీనివలన గ్రంథపాలకుని పని తగ్గినదని సామాన్యముగా భావించుచున్నారు. చేతివ్రాత తగ్గినమాట నిజమే. కాని తెలుగు పుస్తకముల పట్ల ఆ పనిలోని నిర్ణయభారము తగ్గలేదనియు, యంత్రము దానిని పెంచినదనియు, ఆ నిర్ణయములు సరిగా జరిగినప్పుడు కార్డుల కాలమున నసాధ్యమైన యుపకారము నేడు సాధ్యమగుచున్నదనియు నీ వ్యాసమున జూపదలచితిమి.

1. దినచర్య

గ్రంథపాలకుని దినము సాధారణముగా తిరిగివచ్చిన పుస్తకములతో మొదలగును. వానిని వాని వాని స్థానములకు జేర్చవలెను. ఒక పుస్తకము తన స్థానమునుండి ఒక యర క్రిందికి దిగినను పెద్ద గ్రంథాలయమున నది పోయినట్లే. కావున ప్రతిదినము కొన్ని యరలను వరుసగా జదివి, స్థానము తప్పినవానిని మరల సరియైనచోట నుంచుట యాచారము. చెదలు, పురుగు, తేమ యెచ్చట బట్టినవో చూచుకొనుటయు నప్పుడే. కొయ్యగుజ్జుతో జేసిన పాతకాలపు చౌక కాగితము తనలోని యామ్లమువలన పసుపువన్నెకు దిరిగి, ముట్టినంతనే విరుగుచుండును, అట్టివానిని వేఱుపఱచవలెను.

పిమ్మట క్రొత్తగా వచ్చిన పుస్తకములు. ప్రతి పుస్తకమునకును యాక్సెషన్ రిజిస్టరులో నొక వరుససంఖ్య యిచ్చి, కర్త, గ్రంథనామము, ముద్రణస్థలము, ప్రకాశకులు, సంవత్సరము, వెల, కొన్నదో దాతలిచ్చినదో యను వివరము లెక్కింతురు. తరువాత విషయమును నిర్ణయించి వర్గసంఖ్య వేయుదురు. మెల్విల్ డ్యూయీ అమెరికాలో 1876-లో ప్రకటించిన దశాంశపద్ధతి ననుసరించు గ్రంథాలయములలో తెలుగు సాహిత్యమునకు 894.827 సంఖ్య. దాని చివర 1 చేర్చిన కవిత్వము, 2 చేర్చిన నాటకము, 3 చేర్చిన కథాసాహిత్యము. ఆ పద్ధతిలో ఆంగ్లసాహిత్యము 820 అను మూడంకెలలో నిమిడిపోగా, మన సాహిత్యము ఇతరభాషల కోవలో, దశాంశబిందువునకు జాల దూరమున నున్నది.

వర్గీకరణమును మన దేశమున మూలమునుండి పునర్విచారించినవారు శియాళి రామామృత రంగనాథన్ (1892-1972). గణితోపాధ్యాయుడుగా నుండి 1924-లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకపదవికి వచ్చిన యీయన, లండనులో శిక్షణము పొంది, 1931-లో గ్రంథాలయశాస్త్రమునకు ఐదు సూత్రములను, 1933-లో కోలన్ వర్గీకరణపద్ధతిని ప్రకటించిరి. విషయమును దాని యంగములుగా విడదీసి, రెండు చుక్కల గుర్తుతో మరల గూర్చుట యా పద్ధతిలోని మర్మము. ఆ యైదు సూత్రములలో నాలుగవది చదువరి కాలమును వృథాచేయరాదను నియమము. మా విచారణ యంతయు నా సూత్రమునకు వ్యాఖ్యానమనియే చెప్పవచ్చును.

పగలంతయు చదువరుల ప్రశ్నలు వచ్చుచునే యుండును. ఒకరు గ్రంథనామములో సగము చెప్పుదురు. ఒకరు కర్త యింటిపేరు మాత్రము చెప్పుదురు. మఱియొకరు అట్టరంగు చెప్పుదురు. ఈ మూడు రకముల యడుగుటలకును సమాధానము చెప్పగలుగునట్లు సూచిని ముందుగానే సిద్ధము చేయుట గ్రంథపాలకుని వృత్తిలో ప్రధానాంశము.

2. కర్తృనామము

తెలుగువారి పేరులో నింటిపేరు ముందుండును. పాశ్చాత్యుల సూచీనియమములు ఇంటిపేరు చివర నుండునను తలంపుతో బుట్టినవి. తెలుగు తెలియనివారు 'విశ్వనాథ సత్యనారాయణ' అను పేరును చూచి 'సత్యనారాయణ'ను ఇంటిపేరుగా దలచి, దాని క్రింద నెక్కించుట సంభవము. తెలుగు చదువరి 'విశ్వనాథ' క్రిందనే వెదకును. ఒక గ్రంథాలయములోనే కొన్ని పుస్తకములు మొదటివిధముగను, కొన్ని రెండవవిధముగను ఎక్కినచో, ఒక కవి ఇద్దఱుగా విడిపోవును.

కలముపేరులది వేఱొక చిక్కు. శ్రీరంగము శ్రీనివాసరావు (1910-1983) 'శ్రీశ్రీ'గను, భాగవతుల సదాశివ శంకరశాస్త్రి (1925-1998) 'ఆరుద్ర'గను, జంధ్యాల పాపయ్యశాస్త్రి (1912-1992) 'కరుణశ్రీ'గను ప్రసిద్ధులు. తిరుపతి వేంకట కవులు అను నొక్క పేరులో దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870-1950) అను నిద్దఱు గలరు. కందుకూరి వీరేశలింగము (1848-1919) పేరు ముఖపత్రములమీద పంతులు అను గౌరవపదముతో నొకచోట, బిరుదముతో నొకచోట, మకారాంతముగ నొకచోట, సున్నతో నొకచోట గనబడును. ప్రాచీనులలో తిక్కన ఒకచోట కొట్టరువు తిక్కన, మఱియొకచోట తిక్కన సోమయాజి.

ఇందులకు శాస్త్రము చెప్పిన యుపాయము ప్రామాణికనామము. ఒక కర్తకు గల రూపములలో నొకదానిని నిర్ణయించి, తక్కిన రూపములనుండి దానికి దారి చూపవలెను. సమాననాములు గలిగినప్పుడు జననసంవత్సరము చేర్చి వేఱుపఱుపవలెను. కార్డుల కాలమున ప్రతి రూపాంతరమునకును వేఱుగా నొక కార్డు వ్రాసి, దాని స్థానమున దానిని గ్రుచ్చవలసివచ్చెను. మూడంగుళముల యెత్తు, అయిదంగుళముల వెడల్పు గల యా కార్డులు పదివేల పుస్తకములకు నలుబదివేలకు మించుట వింత కాదు. అందుచే శ్రమకు వెఱచి రూపాంతరములను విడిచిపుచ్చుట జరిగెడిది. కంప్యూటరులో నొక్క నామపత్రమునకు పది రూపాంతరములు చేర్చినను భారము లేదు. 'ఆరుద్ర' యనినను, 'సదాశివ శంకరశాస్త్రి' యనినను చదువరి ఒక్కచోటికే చేరును. అయితే ఆ పది రూపములు ఒక్కరివేయని చెప్పవలసినది సాహిత్యచరిత్ర తెలిసిన మనుష్యుడే.

3. గ్రంథనామము, ముద్రణకాలము

ఆంగ్లగ్రంథముల పేరులలో మొదట వచ్చు ఉపపదమును విడిచి తరువాతి మాటతో నకారాదిక్రమమును చూచుట యాచారము. యంత్రసూచిలో నెన్ని యక్షరములు విడువవలెనో సంఖ్యచే చెప్పుటకు ప్రత్యేకస్థానము గూడ గలదు. 'శ్రీ' విడిగా నున్నచో మనమును అట్లే చేయవచ్చును. కాని 'శ్రీమదాంధ్రమహాభారతము' అను పేరులో 'శ్రీమత్', 'ఆంధ్ర' అను రెండు పదములును సంధిచే గలిసిపోయినవి. ఎన్ని యక్షరములు విడిచినను 'ఆ' అను నచ్చు బయటపడదు. దకారముపై దీర్ఘము మాత్రమే మిగులును. కావున లెక్కచే విడుచుట యిచ్చట బనికిరాదు. 'ఆంధ్రమహాభారతము' అనియు, 'మహాభారతము' అనియు వేఱు పేరులను ప్రత్యేకముగా జేర్చవలెను. సంధిజ్ఞానము వ్యాకరణపాఠమునకు మాత్రమే గాక సూచీకరణమునకును అవసరమనుట కిది మంచి నిదర్శనము.

అల్లసాని పెద్దన కావ్యము 'స్వారోచిష మనుసంభవము'. లోకమున నది 'మనుచరిత్ర'. ఒక ముద్రణమున 'మనుచరిత్రము', మఱియొకదాన 'మనుచరిత్రం' అని యుండవచ్చును. చదువరికి నివి యొక్కటియే. యంత్రమునకు నాలుగు భిన్నవస్తువులు. సమాసములను కలిపి వ్రాయుట, విడదీసి వ్రాయుట యను భేదముచేతను ఇట్టి చిక్కే కలుగును. 'ఆంధ్రకవులు' అని యొకే మాటగా నెక్కిన పేరు, 'కవులు' అని వెదకువానికి దొరకకపోవచ్చును. ఇందులకు గ్రంథపాలకుడు ఒక ఏకరూపనామమును నిర్ణయించి ముద్రణములన్నిటిని దాని క్రిందికి దెచ్చి, ముఖపత్రముమీది పేరును ఉన్నదున్నట్లు వేఱుగా నిలుపవలెను. మొదటిది వెదకువానికై, రెండవది పాఠపరిశోధకునికై. ఒకదానికొఱకు రెండవదానిని చెఱుపరాదు.

ముద్రణకాలమును నిర్ణయించుటయు నిట్టిదే. పాత పుస్తకములలో క్రీస్తుశకము లేక సంవత్సరనామము మాత్రమే యుండుట గలదు. 'ప్రభవ' అని మాత్రమున్నచో నది 1867-68 కావచ్చును, 1927-28 కావచ్చును. ముద్రాక్షరశాల పేరు, వెల, అక్షరపు పోత, కాగితము, పీఠికలో బేర్కొన్న వ్యక్తులు: వీనినిబట్టి అరువదేండ్ల సందేహము తీర్చవలెను. శాలివాహనశక మున్నచో 78 కలిపిన క్రీస్తుశకము వచ్చును; మన సంవత్సరము ఉగాదితో మొదలగుటచే, ఆంగ్లసంవత్సరపు తొలినెలలలో ముద్రితమైనవానికి 79 కలుపవలెను. ఒక్క సంవత్సరపు తేడాచేత ప్రథమముద్రణము ద్వితీయముద్రణముగా మాఱిపోవును.

4. యంత్రము చదువు విధము

యంత్రసూచికి మూలము 1966-లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్సులో హెన్రియెట్ ఆవ్రమ్ నాయకత్వమున ప్రయోగదశకు వచ్చిన 'మార్క్' అను పద్ధతి. 1969 నుండి దాని పత్రములు ఇతర గ్రంథాలయములకు బంపబడినవి. ఇందు ప్రతి యంశమునకును ఒక సంఖ్య. 100 కర్తపేరు, 245 గ్రంథనామము, 246 నామాంతరము, 264 ప్రకాశనవివరము, 650 విషయము, 700 సహకర్త. ఈ సంఖ్యలవలననే ఒక గ్రంథాలయమున వ్రాసిన పత్రమును వేఱొక గ్రంథాలయపు యంత్రము గ్రహింపగలుగుచున్నది. వేలకొలది గ్రంథాలయములకు కార్డులు ముద్రించి పంపుచుండిన ఓ.సీ.ఎల్.సీ. సంస్థ తన కడపటి కార్డులను 2015 అక్టోబరులో ముద్రించినది.

పత్రమునకు చట్ట మిట్లేర్పడినది. అందులో నింపవలసిన యక్షరముల మాట వేఱు. 1991-లో వెలువడిన యూనికోడు ప్రథమరూపముననే తెలుగునకు స్థానము కలిగినది. 3072 మొదలు 3199 వఱకు గల 128 సంఖ్యాస్థానములు తెలుగునకు కేటాయింపబడినవి. దీనివలన మహోపకారము జరిగినది. ఒక్కొక్క ఫాంటునకు ఒక్కొక్క రహస్యలిపి యుండిన దుఃస్థితి తొలగినది. కాని సూచీకర్త గమనింపవలసిన విశేషములు కొన్ని గలవు.

మొదటిది వర్ణక్రమము. మన వర్ణమాలలో యరలవలు, శషసహలు ముగిసిన పిమ్మట ళకారము వచ్చును. యూనికోడు పట్టికలో లకారమునకు 3122, ళకారమునకు 3123, వకారమునకు 3125. సంఖ్యాక్రమము ననుసరించు యంత్రము 'కళ' అను మాటను 'కవి' అను మాటకు ముందుంచును. క్షకారమునకు వేఱు స్థానము లేదు. అది కకారము, పొల్లు, షకారము కూడిన కూర్పు. కావున 'క్షేత్రయ్య' కకారము క్రింద నుండును. సున్నను ఎచ్చట నుంచవలెననునది కూడ ముందే నిర్ణయించుకొని యంత్రమునకు చెప్పవలసిన విషయము.

రెండవది, ఒకే రూపమునకు రెండు వ్రాతలు. ఐత్వమునకు 3144 అను నొక్క సంఖ్య గలదు. ఎత్వముయొక్క 3142, దాని క్రింది గుర్తుయొక్క 3158 కలిపినను అదే రూపము వచ్చును. కంటికి రెండును ఒక్కటే. ఈ భేదమును తొలగించు సంస్కరణము చేయని యంత్రము, ఒకవిధముగా నెక్కిన 'పైడి'ని రెండవవిధముగా వెదకిన గనుగొనలేదు. పదమధ్యమున పొల్లును విడిగా నిలుపుటకై వాడు అదృశ్యచిహ్నమును ఇట్టిదే. కంటికి కనబడదు, కాని వెదకుటను ఆటంకపఱచును.

మూడవది పాత ముద్రణముల లేఖనసంప్రదాయము. రేఫను పై హల్లునకు ప్రక్కన వ్రాయు వలపలగిలక తొమ్మిది అంకెను బోలియుండును. దీనిని చూచి యెక్కించువారు కొందఱు నిజముగనే తొమ్మిది అంకెను వేయుదురు. ముద్రితపుటను చదువు యంత్రమును అట్లే పొరబడును. అప్పుడు 'ధర్మము' అను మాట నడుమ నొక యంకె నిలిచి, ఆ పుస్తకము ధర్మశాస్త్రములు వెదకువారికి శాశ్వతముగా దూరమగును. దంత్య చజలకు యూనికోడున 2008-లో మాత్రమే స్థానములు కలిగినవి, నకారపొల్లునకు 2021-లో. అంతకుముందు చేసిన పత్రములలో నవి సామాన్యవర్ణములతో నున్నవి. క్రొత్త గుర్తు వచ్చినందున పాతపత్రములు తమంత తాము దిద్దుకొనవు.

5. రోమను లిపియు విదేశములలోని తెలుగు పుస్తకములును

తెలుగు పుస్తకములు తెలుగునాట మాత్రమే లేవు. బ్రిటిష్ మ్యూజియము గ్రంథాలయములోని తెలుగు పుస్తకములకు ఎల్. డి. బార్నెట్ కూర్చిన సూచి 1912-లో వెలువడినది. 1962 నుండి పి.ఎల్. 480 అను పథకము క్రింద మన దేశమున వెలువడిన పుస్తకములు, అందు తెలుగువి కూడ, అమెరికా విశ్వవిద్యాలయములకు క్రమముగా జేరినవి. ఇచ్చట జీర్ణించిన ముద్రణము అచ్చట భద్రముగా నుండుట యసంభవము కాదు.

అయితే మార్క్ పద్ధతి మొదట వాడిన యక్షరసముదాయమున భారతీయలిపులకు చోటు లేదు. అందుచే నా పత్రములు రోమను లిపిలో వ్రాయబడినవి. దీర్ఘమునకు పైగీత, మూర్ధన్యములకు క్రిందిచుక్క పెట్టు నియమములు శాస్త్రీయములే. కాని వెదకునప్పుడు యంత్రములు సాధారణముగా నా గీతలను, చుక్కలను లెక్కింపవు. అప్పుడు కల, కాల, కళ, కాళ అను నాలుగు మాటలును ఒక్కటిగా గలిసిపోవును. నేడు 880 అను స్థానమున మూలలిపిని రోమను రూపముతో జతపఱచుటకు వీలున్నది. పాత పత్రములకు దానిని చేర్చుట భాష తెలిసినవారు పూనుకొని చేయవలసిన పని.

మన దేశమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేర వేలకొలది తెలుగు పుస్తకముల పుటలు చిత్రములుగా దీయబడినవి. వానిలో పెక్కు నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో జదువ లభించుచున్నవి. ఇంతటి మేలు మన పరిశోధకులకు మఱియొకటి లేదు. ఐనను వానిలో అనేకములకు పేరులు రోమను లిపిలో, ఒకే నియమము లేక, దీర్ఘమునకు ఒకచోట అచ్చును రెండుమార్లు వ్రాసి, మఱియొకచోట వ్రాయక యెక్కింపబడినవి. పుస్తక ముచితముగా నందఱికిని దెఱువబడియు, పేరు సరిగా లేనందున దాగియున్నది. పుటల చిత్రణము యంత్రముచే త్వరగా ముగియును. సూచీకరణము మనుష్యుని చదువుతో మాత్రమే ముగియును.

6. గ్రంథపాలకుని సాంకేతికవిద్య

కాబట్టి నేటి గ్రంథపాలకునికి సాంకేతికవిషయములందు ఆసక్తి వినోదముగా గాక వృత్తిధర్మముగా నేర్పడినది. 1999-లో న్యూజీలాండు దేశమున నొక గ్రంథాలయసంస్థకై నిర్మింపబడి, 2000 జనవరి నుండి పనిచేసిన 'కోహా' అను సాఫ్టువేరు ఇందుల కుదాహరణము. మావొరీ భాషలో నా మాటకు కానుక యని యర్థము. దానిని వెలయిచ్చి కొననక్కఱలేదు; దాని లోపలి రచనను జూచి దిద్దుకొనవచ్చును. మన దేశమున జాతీయ సమాచార కేంద్రము నిర్మించిన ఈ-గ్రంథాలయ అను సాఫ్టువేరును పెక్కు గ్రంథాలయములు వాడుచున్నవి. ఏది వాడినను, తెలుగు వర్ణక్రమమును, రూపాంతరములను అది సరిగా నడుపుచున్నదో లేదో పరీక్షింపగలవాడు తెలుగును, యంత్రమును రెంటిని నెఱిగినవాడు కావలెను.

ఇట్టివారు తమకు దోచిన పరిష్కారములను వ్రాసియుంచుట మిక్కిలి యవసరము. ఏ కవికి ఏ రూపమును ప్రామాణికముగా గ్రహించితిమి, ఏ సంవత్సరమును ఏ యాధారముతో నిర్ణయించితిమి, యంత్రమున ఏ దోషమును ఎట్లు తొలగించితిమి యను విషయములు దినదినమును పుస్తకమున కెక్కింపకున్నచో, ఆ వ్యక్తి పదవీవిరమణముతో నా జ్ఞానమంతయు పోవును. వ్రాసినదానిని ఇతర గ్రంథాలయములవారితో బంచుకొన్నచో ఒకరు తీర్చిన చిక్కును పదిమంది మరల తీర్చుకొనవలసిన పని యుండదు. 1901-లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1918-లో వేటపాలెమున వెలసిన సారస్వత నికేతనము మున్నగు ప్రాచీనసంస్థల సంపదయంతయు ఒక్క ఉమ్మడిసూచిలో గనబడు దినము ఇట్టి సహకారమువలననే రాగలదు.

7. ఉపసంహారము

పైని జెప్పిన దానినిబట్టి పరిశోధకులకును కొన్ని కర్తవ్యములు సిద్ధించుచున్నవి. పుస్తకము లేదని నిశ్చయించుటకు ముందు కర్త యింటిపేరుతోను, స్వనామముతోను, కలముపేరుతోను వెదకవలెను. గ్రంథనామమును సున్నతోను, ము-వర్ణముతోను, సమాసము విడదీసియు చూడవలెను. రోమను లిపిలోను చూడవలెను. తాము చూచిన ప్రతియొక్క ముద్రాక్షరశాల, సంవత్సరము, పుటసంఖ్య మొదలగువానిని వ్యాసమున బూర్తిగా నీయవలెను. సూచిలో తప్పు గనబడినచో విసుగుకొని విడువక గ్రంథపాలకునికి దెలుపవలెను. ఒక సంవత్సరమును దిద్దుటకు వలసిన సాహిత్యచరిత్రజ్ఞానము తఱచుగా పరిశోధకునియొద్దనే యుండును. దానిని సూచిలో నిలుపగల యధికారము గ్రంథపాలకునియొద్ద నున్నది.

యంత్రము అక్షరముల వరుసను వెదకును. చదువరి గ్రంథమును వెదకును. ఆ రెండు వెదకుటలకు నడుమ గల దూరము ఆంగ్లమునందుకంటె తెలుగునందు హెచ్చు. మన పేరులు, మన సంధులు, మన సంవత్సరములు, మన లిపి ఆ దూరమును పెంచినవి. దానిని దగ్గఱచేయు నిర్ణయములు ప్రతిదినము ఏదో యొక గ్రంథాలయమున, ఒక్కొక్క పుస్తకమునుగూర్చి, పేరు తెలియని యొకరు చేయుచున్నారు. వారికి తెలుగుశాఖల తోడ్పాటు లభించినచో, నేడు లేవనుకొనుచున్న గ్రంథములలో ననేకములు మన యరలమీదనే బయటపడగలవు.